ఇరుకు ఎక్కడుంది? – మా ఇంటి అంతర్జాలానికొక చరిత్ర



చాలా కాలానికి మళ్ళీ ఒక టపా వేస్తున్నాను. ఇన్నాళ్ళ మౌనానికి సగం కారణం నా బద్ధకం, మిగతా సగం మా ఇంటి అంతర్జాలం నత్తనడక పట్టడం. సెకనుకు 200 మెగాబిట్ల వేగమని కాగితం మీద రాయించుకున్న సంధానం, ఒక పాత పుస్తకం దించుకోబోతే గంటల తరబడి గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది. సేవాసంస్థకు ఫోను చేస్తే "రౌటరు ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి సార్" అన్నారు. వేశాను. ఏడుసార్లు వేశాను. ఎనిమిదోసారి వేయబోయి, పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది, అసలీ జబ్బు పుట్టుపూర్వోత్తరాలేమిటో చూద్దామని ఆగాను. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో తెలిసినదాన్ని, గత ముప్పయ్యేళ్ళలో చూసినదానితో కలిపి ఇక్కడ పెడుతున్నాను. నేను తెలుగు పండితుణ్ణే కాని ఇంజినీరును కాను. తప్పులుంటే వ్యాఖ్యల్లో దిద్దగలరు.

ముందు ఊరి సంగతి. రాజోలి అనగానే కోనసీమలోని రాజోలు అనుకునేవారు కొందరు, కర్ణాటకలోని రాజోలిబండ అనుకునేవారు మరికొందరు. మాది తుంగభద్ర ఎడమగట్టున, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో ఉన్న రాజోలి. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి జోగులాంబ గద్వాల జిల్లా. గద్వాల చీరలు నేసే మగ్గాల ఊరు. ఊరికి చేరువలోనే సుంకేసుల ఆనకట్ట. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు తవ్విన కర్నూలు–కడప కాలువ బయలుదేరేది అక్కడినుంచే.

రాజోలిబండ మాట ఎత్తాను కనుక దాన్నిక్కడే ముగించడం న్యాయం కాదు, ఈ వ్యాసానికి అదే ఆధారం. నిజాం ఏలుబడి చివరి రోజుల్లో తలపెట్టిన రాజోలిబండ మళ్ళింపు పథకాన్ని మేమంతా 'ఆర్డీఎస్' అంటాం. కాలువ పొడవు 143 కిలోమీటర్లు. అందులో మొదటి నలభై చిల్లర కిలోమీటర్లు కర్ణాటకలో నడిచి, తరువాత మా నడిగడ్డలోకి వస్తుంది. కాగితం మీద మనవైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. ఆ ఎకరాలన్నీ ఒక్క ఏడైనా నిండుగా తడిసినట్టు చెప్పేవారిని నేను చూడలేదు. కాలువ తల దగ్గర నీళ్ళు ఒరుసుకుంటూ పారుతుంటాయి, చివర ఉన్న అలంపురం వైపు పొలాలకు తడి తగలదు.

ఈ కాలువ కింద పొలమున్న రైతు, నీరు తగ్గగానే తన మడిలో తవ్వుకుంటూ కూర్చోడు. భుజాన పార వేసుకుని కాలువ వెంబడి పైకి నడుస్తాడు. ఈ తూము దగ్గర నీరు నిండుగా ఉందా? లేదు. ఆపై తూము దగ్గర? ఉంది. అయితే లోపం ఈ రెండింటి మధ్యనే ఉంది: పూడిక చేరిందో, గండి పడిందో, ఎవడో అడ్డుకట్ట వేశాడో. కాలువ ఎంత వెడల్పుగా తవ్వినా, మడిలోకి వచ్చే నీరు దారిలో అన్నింటికన్న ఇరుకైన చోటు ఎంత వదిలితే అంతే.

నెమ్మదించిన అంతర్జాలానికి మందు వెతకడమూ ఇంతే. చరిత్ర తిరగేస్తే నాకు చిత్రంగా తోచినదేమంటే, ఆ ఇరుకు ఏనాడూ ఒకచోట నిలవలేదు. 1995లో అది సముద్రగర్భంలో ఉంది. 2007లో వీధిలోని రాగితీగలో ఉంది. ఇవాళ మా ఇంటి గోడలో ఉంది. ఒకచోట వెడల్పు చేయగానే మరొకచోటికి జరిగి కూర్చుంటుంది. పాతచోటనే వెతికేవాడికి అది దొరకదు. నా ఏడుసార్ల రౌటరు సేవ అలాంటి వెతుకులాటే.

లోకంలో ఈ జబ్బుకు తొలిసారి శ్రద్ధగా నాడి పట్టిన సందర్భం 1986 అక్టోబరు నాటిది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. మా ఊళ్ళో కోట నుంచి బస్సులు ఆగే చోటికి నడిచినంత కూడా కాదేమో. ఆ రెంటి మధ్య సెకనుకు 32 వేల బిట్లు నడవాల్సిన మార్గం ఒకనాడు 40 బిట్లకు పడిపోయింది. 32 వేలెక్కడ, 40 ఎక్కడ! సెకనుకు అయిదు ఆంగ్లాక్షరాలు. మన యూనికోడు తెలుగైతే రెండక్షరాలు కూడా దాటవు. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. జరిగిందేమిటంటే, రద్దీలో కొన్ని పొట్లాలు దారిలో పోయాయి. పోయాయి కదా అని ప్రతి యంత్రమూ మళ్ళీ పంపింది. దానితో రద్దీ పెరిగింది, ఇంకా పోయాయి, ఇంకా పంపాయి. జాతరలో ఇరుకు సందు దగ్గర అందరూ ఒక్కసారే తోసుకుంటే ఒక్కరూ కదలని స్థితి. వ్యాన్ జేకబ్సన్ అనే శాస్త్రవేత్త దీని మూలం పట్టుకుని 1988లో పరిష్కారం ప్రకటించాడు: కొద్దికొద్దిగా మొదలుపెట్టు, అందుతుంటే పెంచుకుంటూ పో, ఒక్కటి పోయినా సగానికి తగ్గు. ఈనాటికీ మీరూ నేనూ దించుకునే ప్రతి దస్త్రమూ ఈ మర్యాదకు ఏదో ఒక రూపంలో కట్టుబడే వస్తున్నది. అందుకే తీగ ఎంత లావుదైనా, నూటికి ఒకటీ రెండూ పొట్లాలు దారిలో పోతుంటే చాలు, పంపేవాడు మాటిమాటికీ చేయి వెనక్కి తీసుకుంటాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, గద్వాల కథలో మళ్ళీ పనికొస్తుంది.

కాలువ వెంబడి నడిచేందుకు పనిముట్లు కూడా ఆ కాలానివే. 1983 డిసెంబరులో మైక్ ముస్ అనే ఆయన 'పింగ్' రాశాడు. నీటిలో శబ్దాన్ని పంపి ప్రతిధ్వని విని దూరం కొలిచే జలాంతర్గాముల పద్ధతి నుంచి ఆ పేరు పెట్టాడు. ఒక పొట్లం పంపి, అది పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. ఆ తరువాత జేకబ్సనే 'ట్రేస్‌రూట్' చేశాడు. దారిలో ఉన్న తూములన్నింటి పేర్లూ వరుసగా చదివి వినిపిస్తుంది. ఈ రెండూ ప్రతి కంప్యూటరులోనూ ఉచితంగా ఉంటాయి. పారలాగే, వాడేవాళ్ళు తక్కువ.

ఇక మన దేశానికి వద్దాం. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు అంతర్జాలాన్ని తెరిచింది. తొలినాటి వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలను అనుమతించేదాకా తలుపు ఒక్కటే, తాళంచెవీ ఒక్కటే. ఇంకో తమాషా ఉండేది. ఒక సంస్థ చందాదారు పక్కవీధిలో ఉన్న మరో సంస్థ చందాదారుకు ఉత్తరం పంపితే, అది అమెరికా చుట్టి వచ్చే రోజులవి. రెండు సంస్థలూ దేశంలో ఎక్కడా కలుసుకునేవి కావు మరి. 2003లో నిక్సీ అనే జాతీయ కూడలి ఏర్పడి, దేశంలోని రాకపోకలు దేశంలోనే జరిగే వీలు కల్పించింది. అంతవరకు సముద్రం కింది తీగే అందరికీ తూము. ఇల్లూ వీధీ ఎంత బాగున్నా ఫలితముండేది కాదు.

నాకు అంతర్జాలం ఒంటబట్టింది గద్వాలలో, అద్దె ఇంట్లో. మొదట డయలప్. మోడెము పాడే ఆ కీచు రాగం మీలో చాలామందికి ఇంకా చెవుల్లో ఉండే ఉంటుంది. 56 కిలోబిట్ల మోడెము అని డబ్బామీద ఉన్నా, చేతికొచ్చేది సెకనుకు 4 కిలోబైట్లు. మధ్యలో మేనత్త ఫోను చేసిందా, అంతా మొదటికి వచ్చేది.

ఇక్కడొక లెక్క చెప్పాలి. వేగాన్ని అమ్మేవాడు బిట్లలో చెబుతాడు, దించుకునేటప్పుడు కంప్యూటరు బైట్లలో చూపిస్తుంది. బైటుకు ఎనిమిది బిట్లు. 2004 అక్టోబరులో ప్రభుత్వం ప్రకటించిన విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లుంటే అది బ్రాడ్‌బ్యాండ్. అంటే 32 కిలోబైట్లు. "256 అని చెప్పి 30 ఇస్తున్నారు, మోసం" అని గొడవపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. ఛందస్సులో గురువుకు రెండు మాత్రలని పిల్లలకు ముప్పయ్యేళ్ళు చెప్పినవాణ్ణి, బైటుకు ఎనిమిది బిట్లని తెలుసుకోవడానికి రెండు నెలలు పట్టింది. (ఆ 256 హద్దును 2013లో 512 కిలోబిట్లకు, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెంచారు.)

ఇంత ఆరాటం దేనికంటారా? పుస్తకాలకు. కాటూరులో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన రాజ్ రెడ్డిగారి పది లక్షల పుస్తకాల సంకల్పంలో మనదేశపు భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేలాది తెలుగు గ్రంథాలు అందులో పుట పుటగా బొమ్మల రూపంలో ఉండేవి. పుట ఒక్కొక్కటి సుమారు 60 కిలోబైట్లనుకుంటే, 320 పుటల గ్రంథం 19,200 కిలోబైట్లు. డయలప్ మీద 80 నిమిషాలు, బ్రాడ్‌బ్యాండ్ మీద 10 నిమిషాలు. రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 దాకా లెక్కలేకుండా దించుకోనిచ్చే పథకాలుండేవి, గుర్తుందా? ఒంటిగంట యాభైకి అలారం పెట్టుకుని లేచిన మనుషులం మనం. ఆ వేళకు కూడలి తెరిస్తే మరో నలుగురు మెలకువగానే ఉండేవారు.

2007లో గద్వాల ఇంట బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక మొదటి నెల బాగానే నడిచింది. వాన మొదలవగానే వేగం పడిపోయింది. అప్పుడు ఒక మిత్రుడు మోడెము లోపలి పుట ఎలా తెరవాలో చెప్పాడు. విహరిణిలో 192.168.1.1 అని కొడితే చాలు. అందులో రెండు అంకెలు చూడమన్నాడు: ఎక్స్‌ఛేంజి నుంచి మీ ఇంటికి వచ్చేసరికి సంకేతం ఎంత నీరసపడిందో ఒకటి చెబుతుంది, రొదకన్న సంకేతం ఎంత ఎక్కువగా ఉందో రెండోది చెబుతుంది. ఆ రెండోది 6 డెసిబెళ్ళ కిందికి దిగితే సంధానం తూలుతుంది. మా ఇంట 4 ఉంది.

రాగితీగ లక్షణమే అది. మాట నడిచేది 4 కిలోహెర్ట్జ్‌ల లోపు, దత్తాంశం నడిచేది దానిపైన పదకొండు వందల కిలోహెర్ట్జ్‌ల దాకా. రెండూ ఒకే తీగలో కలిసి వస్తాయి గనుక వాటిని విడదీసే చిన్న డబ్బా ఒకటి, స్ప్లిట్టరు, ప్రతి ఫోనుకూ ముందుండాలి. నేనేం చేశానంటే, వంటింట్లోకి ఇంకో ఫోను కావాలని ఇంట్లోవాళ్ళు అడిగితే, బజారులో రెండు తీగల చుట్ట కొని, ఉన్న తీగను మధ్యలో గీరి, మెలిపెట్టి, దాని మీద ఇన్సులేషన్ టేపు చుట్టాను. స్ప్లిట్టరు ముందే కలిపాను. వానలో ఆ అతుకు తడిసింది. పొట్లాలు పోసాగాయి. జేకబ్సన్ మర్యాద ప్రకారం పంపేవాడు సగానికి, అందులో సగానికి తగ్గాడు. వారం పాటు సేవాసంస్థను తిట్టినవాణ్ణి, ఒక ఆదివారం ఆ మెలికను విప్పగానే అంకె 11కు ఎక్కింది. తిట్టినందుకు క్షమాపణ చెబుదామని ఫోను చేస్తే అటువైపు ఎవరూ ఎత్తలేదు, అది వేరే సంగతి.

మా నేతన్నలకు ఈ సంగతి చెబితే నవ్వారు. గద్వాల చీర ప్రాణమంతా నూలు వొంటికి పట్టు అంచు, పట్టు కొంగు జోడించే చోటే. నేతలో ఏ తప్పు వచ్చినా ముందు అతుకు చూడమని వాళ్ళు పసిపిల్లలకే చెబుతారట.

ఒక ముక్క మన తెలుగు గురించి. ఆ రోజుల్లో యూనికోడు తెలుగు పుటలను నెమ్మదనేవారు. యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి వర్ణానికీ మూడు బైట్లు, ఆంగ్లానికి ఒకటే. 'స్త్రీ' అని రాస్తే సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘ ఇకారం – ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు! ఈ లెక్క చూసి నేనూ కంగారుపడ్డాను. నిజానికి ఇరవై వేల సంకేతాల పెద్ద వ్యాసమైనా 60 కిలోబైట్లే, డిజిటల్ లైబ్రరీలో ఒక్క పుట బొమ్మంత. సర్వర్లు కుదించి పంపితే అందులో మూడో వంతో నాలుగో వంతో. పాపం తెలుగుది కాదు. పుట నిండా మెరిసే బొమ్మలు పెట్టుకున్న మనది. నా బ్లాగు పైన తిరిగే దీపం బొమ్మ ఒక్కటి అప్పటి నా టపాలన్నింటికన్న బరువని తరువాత తెలిసి తీసేశాను.

2008 జనవరి 30న ఇరుకు తన పాతచోటును మరోసారి చూపించింది. ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే రెండు తీగలు తెగాయి. మన దేశానికి పడమటి దారిలో పెద్దభాగం ఒక్కరోజులో మూతపడింది. ఆ వారం నా మోడెములో అంకెలన్నీ నిక్షేపంగా ఉన్నాయి, పుటలు మాత్రం తెరుచుకోలేదు. ట్రేస్‌రూట్ వేస్తే ముంబయి దాకా చకచకా పోయి, ఆ తరువాత అన్నీ నక్షత్రాలే. అప్పుడు మొదటిసారి, చేయగలిగింది ఏమీ లేదని తెలుసుకుని హాయిగా పడుకున్నాను. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో తీగలు తెగినప్పుడూ అంతే.

ఇక, రాయడానికి చేయి ఆడని భాగం. 2009 వేసవిలో, ఎలాగూ రిటైరయ్యాక ఊరికే చేరతాం కదా అని, గద్వాల అద్దె ఇంటి నుంచి నా పుస్తకాలన్నిటినీ రాజోలి ఇంటికి చేర్చాను. శబ్దరత్నాకరం, నాన్నగారు వాడిన బాలవ్యాకరణం, మా నడిగడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర, ఆయనే కూర్చిన గోలకొండ కవుల సంచిక. ఈ చివరిది 1934 నాటిది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఎవరో అన్నందుకు, 354 మంది కవులను ఒక్క సంపుటిలో నిలబెట్టి చూపించిన గ్రంథం. నా దగ్గరున్నది అట్ట ఊడిన ప్రతి. అయినా అంచుల నిండా మా గురువుగారి పెన్సిలు రాతలుండేవి.

ఆ అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగింది. 2వ తేదీన కర్నూలు నగరం మునిగిన సంగతి లోకమంతా చూసింది. ఎగువన ఉన్న మా ఊరు మునిగినది అంతగా ఎవరూ చూడలేదు. నీరు తీశాక వచ్చి చూస్తే వీధుల్లో ఇళ్ళకు ఇళ్ళే కూలి ఉన్నాయి. గుంటమగ్గాలు గదా, గుంటలన్నీ ఒండ్రుమట్టితో పూడిపోయి, పడుగుమీదున్న చీరలు మట్టిలోనే ఉండిపోయాయి. మా ఇంటి మిద్దె నిలిచింది. పుస్తకాల అలమార తలుపులు మాత్రం తెరుచుకోలేదు, లోపల కాగితం ఉబ్బి బిగుసుకుపోయింది. గొడ్డలితో తీశాం. కింది మూడు అరలూ ఒకే ముద్ద. ఊళ్ళో జనం వంటగిన్నెలు, రేషను కార్డులు వెతుక్కుంటుంటే పుస్తకాలు పోయాయని ఏడవడానికి సిగ్గేసి, ఎవరితోనూ అనలేదు.

అప్పటినుంచి ఒక్కొక్కటిగా తిరిగి దించుకుంటున్నాను. నాకు దింపుకోలు వేగమంటే కాలక్షేపపు సంగతి కాకపోవడానికి కారణమిది.

తరువాతి పదేళ్ళను తొందరగా దాటిస్తాను. ఊరికి చేరాక కొన్నాళ్ళు ఫోనుకు తగిలించుకునే డాంగిల్. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక చేతిఫోనే తూము. పగలు టవరు మీద జనం ఎక్కువ, తెల్లవారుజామున ఖాళీ. మళ్ళీ అలారం. ఈలోగా డిజిటల్ లైబ్రరీ సైటు మూతపడింది, దాని పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరాయి. కేంద్రం 2011లో ఆమోదించిన పంచాయతీల గాజుతీగ పథకం 2015 నుంచి భారత్‌నెట్ అనిపించుకుంది. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కందకాల్లోనే గాజుతీగల గొట్టాలూ వేశారు. నీళ్ళూ నెట్టూ ఒకే కందకంలో నడవడం నా ఉపమానానికి ప్రభుత్వమే వేసిన ముద్ర అనుకున్నాను. చివరికి ఒక ప్రైవేటు సంస్థ తీగ మా వీధికి వచ్చింది. గాజుతీగ వానకు తడిసి నీరసపడదు, దానిలో కిలోమీటర్ల దూరం లెక్కలోకి రాదు. ఇక ఇరుకుకు చోటు లేదనుకున్నాను.

ఇదిగో, ఆ ధైర్యం మీదే మూడు వారాల కిందట గోలకొండ కవుల సంచిక దించుకోబోయాను. పైన చెప్పిన గుండ్రాలు.

ఈసారి పార పట్టుకుని కిందినుంచి నడిచాను. మొదటి తూము: కంప్యూటరును తీగతో నేరుగా రౌటరుకు తగిలించి వేగం కొలిచాను. 94 వచ్చింది. మళ్ళీ కొలిస్తే 94. అర్ధరాత్రి 94. రద్దీ వల్ల తగ్గిన వేగం ఊగిసలాడాలి కాని అలా గీత గీసినట్టు నిలవదు. తీగలో ఎనిమిది పోగులుంటాయట, జంటలుగా నాలుగు. వెయ్యి మెగాబిట్ల వేగానికి నాలుగు జంటలూ కావాలి, వందకు రెండు చాలు. మిగతా రెండు జంటల్లో ఒక పోగు తెగితే యంత్రాలు రెండూ మాట్లాడుకుని బుద్ధిగా వందకు దిగిపోతాయి. పైఖర్చులు పోను మిగిలేది 94. గోడ మలుపులో నేను కొట్టిన మేకు తీగను నొక్కి ఉంది. కొత్త తీగ వేశాక 190 దాటింది. పడుగులో ఒక పోగు తెగితే మొత్తం మగ్గం ఆగినట్టే.

రెండో తూము వైఫై. రౌటరు ముందు గదిలో, ఉక్కు బీరువా మీద. నా చదువుకునే గది వెనక. మధ్యలో రెండడుగుల రాతిగోడ, దానికి ఆనించి నీళ్ళ తొట్టి. వరదకు నిలిచింది ఆ గోడ వల్లనే కనుక దాన్ని ఏమీ అనలేను. వైఫైకి రెండు దారులు: 2.4 గిగాహెర్ట్జ్‌లది గోడలు కొంత దాటుతుంది కాని నెమ్మది, పైగా పక్కిళ్ళవన్నీ దానిమీదే. 5 గిగాహెర్ట్జ్‌లది వేగం కాని గోడ దగ్గర చతికిలబడుతుంది. రాయీ, నీరూ, ఉక్కూ మూడూ దానికి శత్రువులే. ముందుగదిలో 180 ఉన్నది నా గదిలో 11. వెనకగదికి తీగ లాగి, అక్కడొక చిన్న పెట్టె పెట్టాను. రోగం మూడొంతులు నయమైంది.

మిగిలిన వంతు సాయంత్రం పూట వచ్చేది. దాన్ని పట్టుకోవడానికి వారం పట్టింది. కరోనా కాలంలో, 2020లో, చీరలు అమ్ముడుపోక మగ్గాలు ఆగినప్పటినుంచి, మా పాత విద్యార్థి ఒకడు ఫోనులోనే బేరాలు చేస్తున్నాడు. సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి, "సార్, కొంచెం మీ వైఫై ఇస్తారా, బెంగుళూరోళ్ళకు చీరల వీడియో పంపించాల" అంటాడు. అరుగు మీద సంకేతం అంతంతమాత్రం. బలహీనంగా అందే ఫోను నెమ్మదిగా మాట్లాడుతుంది, మాట్లాడినంతసేపూ గాలిని తనే పట్టుకుంటుంది. తక్కినవాళ్ళం వరుసలో నిలబడాలి. దీనికి తోడు రౌటరులో పొట్లాలు పోగుపడే గిడ్డంగి ఒకటుంటుంది. జిమ్ గెటిస్ అనే ఇంజినీరు 2010లో తన ఇంట్లోనే నెట్టు మొద్దుబారిన సంగతిని తవ్వి, ఈ గిడ్డంగులు అవసరానికి మించి పెద్దవై పొట్లాలను దారిపోనివ్వకుండా దాచుకోవడమే కారణమని తేల్చి, దానికి 'బఫర్‌బ్లోట్' అని పేరు పెట్టాడు. పంపేవాడు తగ్గాలంటే పొట్లం పోవాలి కదా; గిడ్డంగి దాన్ని పోనివ్వదు, వరుస మాత్రం పెరుగుతుంది. 2012లో దీనికి మందు రాసిన ఇద్దరిలో ఒకరు ఎవరనుకున్నారు? మళ్ళీ వ్యాన్ జేకబ్సనే, క్యాథ్లీన్ నికల్స్‌తో కలిసి. పాతికేళ్ళకు తన రోగి దగ్గరికే తిరిగి వచ్చిన వైద్యుడు.

పరీక్ష తేలిక. ఊరకున్నప్పుడు పింగ్ వేయండి, ఎవరైనా వీడియో పంపుతున్నప్పుడు వేయండి. మా ఇంట 20 మిల్లీసెకన్లున్నది 900 అయింది. ఆ పిల్లవాణ్ణి రావద్దనడం నావల్ల కాదు, ఒక్కొక్క వీడియో వెనక వాడింట్లో నెలరోజుల నేత ఉంటుంది. వరుసను సరిదిద్దే ఏర్పాటున్న రౌటరు కొని, పాతదాన్ని తీగతో అరుగు పక్క కిటికీలో పెట్టాను. "ఇప్పుడు గబగబా పోతున్నాయి సార్" అన్నాడు. నావీ గబగబా వస్తున్నాయి.

అన్నీ అయ్యాక కూడా, వేగం కొలిచే సైటులో 190 ఉంటే ఆర్కైవ్ పుస్తకం అందులో పదోవంతుతో వస్తుంది. ఇది లోపం కాదు, దూరం. కొలిచే సైటు హైదరాబాదులోని యంత్రంతో కొలుస్తుంది, పుస్తకం కాలిఫోర్నియాలో ఉంది. వెలుతురైనా గాజులో సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లే నడుస్తుంది. పోయి రావడానికి పావు సెకను. పాత పద్ధతిలో ఒక్క రాకపోకకు 65,535 బైట్లకు మించి పంపడానికి వీల్లేదు, అంటే తీగ ఎంతదైనా సెకనుకు రెండు మెగాబిట్లే దక్కేవి. అప్పట్లో ఒకే దస్త్రాన్ని ఎనిమిది ముక్కలుగా దించే సాధనాలు మనమంతా వాడింది ఎందుకో, అవి నిజంగానే ఎలా పనిచేసేవో, నాకు ఇన్నేళ్ళకు అర్థమైంది. ఇప్పటి యంత్రాలు ఆ హద్దును సడలించాయి, అయినా దూరం దూరమే. పెద్ద వీడియో సంస్థలు తమ సరుకును మన నగరాల్లోనే నిలవ పెట్టుకుంటాయి గనుక సినిమా ఆగదు, కావ్యం ఆగుతుంది. ఆర్డీఎస్ చివరి పొలాలకు 143 కిలోమీటర్ల కాలువ నీరు అందక, 2018లో మా మండలంలోనే తుమ్మిళ్ల దగ్గర సుంకేసుల వెనుక జలాలను ఎత్తిపోయడం మొదలుపెట్టారు చూడండి, అదీ ఇదే ఉపాయం. తెలుగు పుస్తకాలకు అటువంటి తుమ్మిళ్ల ఇంకా కట్టలేదు. అందాకా ఆర్కైవ్ వారు 2012 నుంచి ఇస్తున్న టొరెంటు లంకె వాడండి. ఎవరో ఒకరు దగ్గర్లో ఆ పుస్తకం ఉంచుకుని ఉంటే అక్కడినుంచే వస్తుంది. నేను దించుకున్నవన్నీ అలా తెరిచే ఉంచాను.

గోలకొండ కవుల సంచిక మొన్న శుక్రవారం రాత్రి దిగింది. ఏదో గ్రంథాలయపు ముద్ర ఉన్న ప్రతి. మా గురువుగారి రాతలు లేని ఆ అంచులు ఎంత తెల్లగా ఉన్నాయో. నా చేతికి వచ్చిన దానిలో ఒక ఆకు రెండుసార్లు పడి, దాని తరువాతి ఆకు పడలేదు. మీలో ఎవరిదగ్గరైనా అసలు ప్రతి ఉంటే చెప్పండి, ఏ పుటలో వ్యాఖ్యల్లో రాస్తాను. ఫోటో తీసి పంపినా చాలు. సాయంత్రం ఆరు నుంచి ఏడు మధ్య మాత్రం వద్దు, అరుగు మీద చీరలు వెళ్తుంటాయి.